జున్నువంటి నేల

1985 సెప్టెంబరు 19వ తేదీ ఉదయమున పసిఫిక్ తీరమున జనించిన భూకంపము, చేరువనే గట్టి రాతిపై నిలిచిన తీరపట్టణములకంటె, 350 కిలోమీటర్లకు పైబడిన దూరమునందున్న మెక్సికో నగరమునే మిక్కుటముగా నేలగూల్చుట లోకమునకు విస్మయము గొలిపినది. నగరములో పెద్దభాగము ఒకనాటి సరస్సు ఎండిన మెత్తని బంకమట్టిపై వెలసినది. గిన్నెను తట్టినపుడు జున్ను ఊగునట్లు, ఆ మట్టి రమారమి రెండు సెకండ్లకొక ఊపుగా ఊగినది. ఆ ఊపుతో తమ ఊపు కలిసిన నడిమి ఎత్తు మేడలు కూలగా, పొట్టి పాత ఇండ్లనేకము నిలిచినవి.

ఇట్టి ఊపును ముందే లెక్కగట్టుటకై నేడు శాస్త్రజ్ఞులు భూగర్భమును కంప్యూటరులో చిన్నచిన్న ఘనములుగా విభజించి, ప్రతి ఘనమునకును దాని సాంద్రతను, బిగువును ఒసగి, ఒకదాని తాకిడి పక్కదానికి ఎట్లు సంక్రమించునో క్షణక్షణమును గణించుచున్నారు. మెత్తని మట్టిలో తరంగము మందగించి పొట్టిదగును గనుక ఘనములును చిన్నవి కావలెను. వాని భుజమును సగము చేసినచో సంఖ్య 8 రెట్లు, కాలపు మెట్టును కూడ సగమగుటచే శ్రమ 16 రెట్లు పెరుగును.

భూకంపమెన్నడు వచ్చునో ఈ యంత్రము చెప్పదు. అది జ్యోతిష్కుడు కాదు. వచ్చినచో ఏ పేట ఎంత ఊగునో చెప్పగలదు, అదియును అడుగున ఏ మట్టి ఎంత లోతున్నదో మనము బోరువేసి చూచి చెప్పినప్పుడే. యంత్రమునకు ఉదారముగా వెచ్చించు ప్రభుత్వములు ఆ బోరు కూలి వద్ద లెక్కలు చూచుకొనుట మాకు వింతగనే ఉన్నది.