ఉన్న మెమరీని ముందు వాడుదాం, తర్వాత కొందాం

"వెన్న చేతిలో పెట్టుకొని నెయ్యి కోసం ఊరంతా తిరిగినట్లు" అని మా అవ్వ ఒక సామెత చెబుతూ ఉంటుంది. మా బడి కంప్యూటర్ ల్యాబ్‌కు ఆ సామెత సరిగ్గా అతుకుతుంది. ల్యాబ్‌కు కొత్త కంప్యూటర్లు కొనాలని ఇప్పుడు అందరూ మాట్లాడుకుంటున్నారు. పాత విద్యార్థులు ఇచ్చిన చందా డబ్బంతా దానికే పెట్టాలని కూడా అనుకుంటున్నారు. అసలు కొననే వద్దని నేను అనడం లేదు. ఉన్నదాన్ని పూర్తిగా వాడకముందే కొనడం తప్పు అంటున్నాను. పెద్దవాళ్ళు అనుకున్నదానికి ప్లస్ వన్ చదివే పిల్ల అడ్డు చెప్పడమా అని కోపపడకుండా చివరిదాకా చదవవలసిందిగా కోరుతున్నాను.

మా ల్యాబ్‌లో 12 కంప్యూటర్లు ఉన్నాయి. ఈ పత్రికలో వచ్చే వ్యాసాలన్నీ వాటిమీదనే టైపు చేస్తాము. ఒక పక్క తెలుగు టైపు చేసే పేజీ, ఇంకొక పక్క నిఘంటువు చూడడానికి బ్రౌజర్ తెరిస్తే చాలు, కంప్యూటర్ మొరాయిస్తుంది. డిస్క్ లైటు ఆగకుండా మిణుకుమంటుంది. మెమరీ చాలనప్పుడు కంప్యూటర్ అందులో ఉన్నదాన్ని కొంత హార్డ్ డిస్క్‌మీదికి దించి, కావలసినప్పుడు మళ్ళీ ఎత్తుకుంటుంది. డిస్క్ మెమరీకంటే ఎంతో నిదానం గనుక మనం చూస్తూ కూర్చోవలసిందే. పోయిన సంవత్సరం ఇద్దరు అక్కలు రెండు సాయంత్రాలు కూర్చొని టైపు చేసిన కథ ఇట్లాగే నిలిచిపోయింది. ఇంతలో కరెంటు కూడా పోయింది. కథ మొత్తం పోయింది, పత్రికలో రానే లేదు.

దీనికి మందు అని చెప్పి, విరుదునగర్‌లో ఒక అంగడినుంచి ఆరు కంప్యూటర్లకు తలా 4 జీబీ మెమరీ కొని వేయించినారు. 4 ఉన్నవి 8 అయినాయి. కానీ తెరమీద అంకె మాత్రం మారలేదు. ముందు 3.2 అని చూపేది, తర్వాత కూడా 3.2 అనే చూపింది. అంగడివాళ్ళను అడిగితే, "మీ కంప్యూటర్లు పాతవి, వాటికి అంతే కనిపిస్తుంది. కొత్తవి తీసుకోండి" అన్నారు. మెమరీ అమ్మి డబ్బు తీసుకునేటప్పుడు ఈ మాట ఎందుకు గుర్తు రాలేదో!

ఒక చిన్న లెక్క వేద్దాము. 8 జీబీ ఉన్నవి ఆరు, అంటే 48. 4 జీబీ ఉన్నవి ఆరు, అంటే 24. మొత్తం 72 జీబీ. ఒక్కొక్కటి 3.2 మాత్రమే వాడుతుంది గనుక 12 యంత్రాలకు 38.4. మిగిలిన 33.6 జీబీ ఊరకనే పడి ఉంది. డబ్బు పెట్టి కొన్న మెమరీలో దాదాపు సగం! సగం బస్తాలు గోడౌన్‌లో పెట్టుకొని సరుకు లేదు అనేవాణ్ణి విరుదునగర్‌లో ఎవరైనా వ్యాపారి అంటారా?

మెమరీ ఎక్కడికి పోయింది?

మెమరీని ఒక పొడవైన వీధి అనుకోండి. ప్రతి బైటూ ఒక ఇల్లు. ఇంటికి తలుపు నంబరు ఉంటేనే పోస్టుమేన్ జాబు తెచ్చి ఇవ్వగలడు. 32 బిట్ల పద్ధతిలో ఆ నంబరుకు 32 స్థానాలు ఉంటాయి. ఒక్కొక్క స్థానంలో 0 గాని 1 గాని రావచ్చు. ఈ విధంగా రాయగలిగిన నంబర్లు మొత్తం 4,29,49,67,296. దాన్నే 4 జీబీ అంటాము. వీధిలో ఇంకా ఎన్ని ఇళ్ళు కట్టినా నంబర్లు అంతే.

పైగా ఆ నంబర్లన్నీ మెమరీకే రావు. గ్రాఫిక్స్ కార్డు, నెట్‌వర్క్ కార్డు మొదలైనవాటికి కూడా 4 జీబీ లోపలనే కొన్ని నంబర్లు ఇవ్వాలి. అదే వీధిలో నీళ్ళ ట్యాంకుకు, రేషన్ అంగడికి నంబర్లు ఇచ్చినట్లు. అవి పోగా మెమరీకి మిగిలేది ఎక్కడో 3 జీబీకి పైన ఆగిపోతుంది. మా యంత్రాల్లో అది 3.2 దగ్గర ఆగింది. కాబట్టి మా మెమరీ చెడిపోలేదు, ఎవరూ ఎత్తుకుపోలేదు. నంబరు లేక ఆ ఇళ్ళకు ఎవరూ పోవడం లేదు, అంతే.

ఈ నంబర్ల లెక్క చూసుకునేది కెర్నల్. ఆపరేటింగ్ సిస్టమ్‌కు అది గుండెకాయ. ఏ ప్రోగ్రాంకు ఎంత మెమరీ ఇవ్వాలి, ఎప్పుడు వెనక్కి తీసుకోవాలి అని నిర్ణయించేది అదే. మా యంత్రాలకు వేసిన కెర్నల్ వాటికి తగినది కాదు. నా వాదన అంతా ఇదే.

చచ్చిన ల్యాప్‌టాప్ పెత్తనం

ఆ కెర్నల్ ఎట్లా వచ్చిందని మా కంప్యూటర్ సార్‌ను అడిగితే కథ బయటపడింది. చాలా సంవత్సరాల కిందట ఆఫీసులో ఒక పాత పెంటియం ఎం ల్యాప్‌టాప్ ఉండేదట. దానిలో డెబియన్ లినక్స్ వేసి, అదే కాపీని ల్యాబ్ యంత్రాలన్నిటికీ ఎక్కించినారట. మొదటి రకం పెంటియం ఎం ప్రాసెసర్లు పీఏఈ అనే సౌకర్యం తమలో ఉన్నట్లు చూపించవు. అందువల్ల దానికి పీఏఈ లేని మామూలు 32 బిట్ కెర్నల్ వేయవలసి వచ్చింది. ఆ ఒక్క యంత్రానికి అది న్యాయమే. మిగిలిన పన్నెండు ఏమి పాపం చేసినాయి? ఆ ల్యాప్‌టాప్ చచ్చి మూడేళ్ళయింది. దాని కెర్నల్ మాత్రం ఇంకా మా ల్యాబ్‌ను ఏలుతూనే ఉంది.

పీఏఈ కొత్త సంగతేమీ కాదు. 1995లో ఇంటెల్ పెంటియం ప్రో ప్రాసెసర్‌తోనే వచ్చింది. అందులో మెమరీ నంబరుకు 32 బదులు 36 స్థానాలు ఉంటాయి. ఒక్కొక్క స్థానం పెరిగితే నంబర్లు రెండింతలు అవుతాయి గనుక నాలుగు పెరిగితే 16 రెట్లు. 4 జీబీ కాస్తా 64 జీబీ అవుతుంది. ఇంకొక మేలు కూడా ఉంది. మెమరీలో సమాచారం మాత్రమే ఉండవలసిన చోట దొంగ ప్రోగ్రాం నడవకుండా అడ్డుకునే ఎన్ఎక్స్ అనే కాపలా 32 బిట్ కెర్నల్‌లో పీఏఈ ఉంటేనే పని చేస్తుంది. అంటే మేము ఇన్నాళ్ళూ మెమరీనే కాదు, కాపలాను కూడా వదులుకున్నాము.

"విండోస్ వేస్తే సరిపోతుంది కదా" అని మా తరగతిలో ఒకడు అన్నాడు. 32 బిట్ విండోస్ వేస్తే కథ మళ్ళీ మొదటికే. విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 7 ఇళ్ళలో వాడే 32 బిట్ రకాలకు మైక్రోసాఫ్ట్ 4 జీబీ అని గీత గీసింది. విండోస్ 7 స్టార్టర్‌కైతే 2 జీబీయే. 4 జీబీ దాటిన నంబర్లు చూస్తే కొన్ని డ్రైవర్లు తికమకపడి యంత్రం నిలిచిపోతుందని వాళ్ళు చెప్పిన కారణం. అది కొట్టిపారేయదగిన కారణమేమీ కాదు. కానీ అదే కాలంలో వచ్చిన విండోస్ సర్వర్ 2003 ఎంటర్‌ప్రైజ్ 32 బిట్‌లోనే పీఏఈతో 4 జీబీ దాటి మెమరీ వాడుకునేది. అంటే అది యంత్రానికి చేతకాని పని కాదు. లినక్స్‌లో అట్లా గీత గీసేవాళ్ళు లేరు, కెర్నల్‌ను మనమే ఎంచుకోవచ్చు. ఎంచుకోకుండా కూర్చుంటే అది మన తప్పే.

పీఏఈ చాలదా?

సార్ అనుమతితో ఒక సాయంత్రం 8 జీబీ యంత్రం ఒకదానికి పీఏఈ కెర్నల్ ప్యాకేజీ వేసి రీస్టార్ట్ చేసినాము. 3.2 పోయి 7.6 వచ్చింది! ఒక్క రూపాయి ఖర్చు లేదు. నా స్నేహితురాలు ఎగిరి గంతులేసి, "ఇంక ఇదే చాలు, అన్నిటికీ ఇదే వేద్దాం" అన్నది. ఇక్కడ నేను ఆమెతో కూడా ఒప్పుకోను.

మా మామ విరుదునగర్‌లో ఒక మిరపకాయల మండీలో పని చేస్తాడు. అక్కడ ముందు అరుగు చిన్నది, వెనక గోడౌన్ పెద్దది. బేరం అంతా అరుగుమీదనే జరగాలి. "సరుకు ఎంతైనా ఉండాది. కానీ ప్రతి బస్తా మోసుకొచ్చి అరుగుమీద పెట్టి, చూపించి, మళ్ళీ లోపల వేయాల. అరుగు పెద్దదైతే ఈ మోత ఎందుకు?" అంటాడు మామ. పీఏఈ కెర్నల్ పని సరిగ్గా ఇదే. మెమరీ 64 జీబీ వరకు ఉండవచ్చు గాని, మామూలు 32 బిట్ లినక్స్ కెర్నల్ తన చేతికి నేరుగా అందేటట్లు పెట్టుకోగలిగింది 896 ఎంబీ మాత్రమే. మిగిలినదానిలో తనకు పని పడినప్పుడల్లా ఆ ముక్కను తాత్కాలికంగా తెచ్చుకోవాలి. ఇక ఒక్కొక్క ప్రోగ్రాంకు 3 జీబీకి మించి దక్కదు. 64 బిట్ కెర్నల్‌కు ఈ మోత లేదు.

మరి మా ప్రాసెసర్లు 64 బిట్‌కు పనికి వస్తాయా? ఏఎండీ 2003లో, ఇంటెల్ 2004లో ఇటువంటి ప్రాసెసర్లు అమ్మడం మొదలుపెట్టినాయి. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌సీపీయూ అనే అయిదు అక్షరాల ఆజ్ఞ టైపు చేస్తే ప్రాసెసర్ ఏ రకమో అదే చెబుతుంది. మేము పన్నెండింటిలోనూ చూసినాము. పన్నెండూ 64 బిట్‌వే! యంత్రాలు పాతవని చెప్పిన అంగడివాళ్ళు ఈ ఒక్క ఆజ్ఞ కూడా టైపు చేసి చూడలేదు.

ఇంకొక కారణం కూడా ఉంది. లోకం 32 బిట్‌ను వదిలి వెళ్ళిపోతూ ఉంది. క్రోమ్ బ్రౌజర్ 32 బిట్ లినక్స్‌ను 2016లోనే వదిలేసింది. 2025 ఆగస్టులో విడుదలైన డెబియన్ 13లో 32 బిట్ పీసీలకు కెర్నల్ గాని, ఇన్‌స్టాలర్ గాని ఇవ్వలేదు. కనుక పీఏఈ మనకు ప్రథమ చికిత్స మాత్రమే. పరీక్షలు అయ్యేదాకా దానితో నడుపుదాము. వేసవి సెలవుల్లో ఫైళ్ళన్నీ భద్రపరచి 64 బిట్ డెబియన్ వేద్దాము.

ఎదురు వాదాలు

"64 బిట్ ఎక్కువ మెమరీ తింటుంది" అంటారు. నిజమే. ప్రోగ్రాం లోపల ఒక చిరునామా రాసుకోవడానికి 32 బిట్‌లో 4 బైట్లు చాలు, 64 బిట్‌లో 8 బైట్లు కావాలి. అందుకే అన్నిటికీ ఒకే మందు అని నేను చెప్పడం లేదు. మన తమిళనాడు ప్రభుత్వం 2011లో ఉచిత ల్యాప్‌టాప్ పథకం మొదలుపెట్టింది. ఆ పథకంలో మా వదినకు వచ్చిన ల్యాప్‌టాప్ ఇప్పటికీ కోవిల్‌పట్టిలో మా అత్త ఇంట్లో ఉంది. దానిలో విండోస్‌తోబాటు సి-డాక్ వాళ్ళు డెబియన్ ఆధారంగా చేసిన బాస్ లినక్స్ కూడా ఉండేది. దాని మెమరీ 2 జీబీ. నంబర్ల కొరత దానికి లేనే లేదు. దానిని మెమరీ కోసం 64 బిట్‌కు మార్చితే లాభం లేదు, ఇంకా ఇరుకు అవుతుంది. 8 జీబీ ఉన్నచోట ఆ కొద్దిపాటి అదనపు ఖర్చు లెక్కలోకి రాదు.

"నడుస్తున్నదాన్ని ఎందుకు కెలకాలి?" అంటారు. అక్కల కథ పోయిన రోజున అది నడుస్తూనే ఉందా అని అడుగుతున్నాను.

"అన్ని యంత్రాలకూ ఫలితం వస్తుందా?" అని మా సార్ అడిగినారు. ఇది మంచి ప్రశ్న. రాదు. మా 4 జీబీ యంత్రాల్లో రెండింటికి ఇంటెల్ 945 చిప్‌సెట్ ఉంది. 4 జీబీ గీతకు పైన మెమరీకి నంబర్లు ఇవ్వడం ఆ బోర్డుకే రాదు. ఏ కెర్నల్ వేసినా అవి 3.2 దగ్గరనే నిలుస్తాయి. వాటి 1.6 జీబీని వదిలేద్దాము. మిగిలిన 32 జీబీలో గ్రాఫిక్స్ తీసుకునే కొద్ది వాటా పోగా అంతా మన చేతికి వస్తుంది. కొత్తవి కొనాలంటే ముందు ఆ రెండింటికి బదులు కొనండి. పన్నెండింటినీ పాత ఇనుముకు వేయవద్దు.

మనది వాన చూసుకొని బతికే నల్లరేగడి నేల. చెరువు పూడిక తీయకుండా పక్కనే కొత్త చెరువు తవ్వుదామని మన తాతలు ఎవరూ అనలేదు.

కావున మా ప్రధానోపాధ్యాయులకు, ఉపాధ్యాయులకు, చందా ఇచ్చిన పెద్దలకు నా మనవి ఇది. ఈ వారమే అన్ని యంత్రాలకూ పీఏఈ కెర్నల్ వేయించండి. సెలవుల్లో 64 బిట్‌కు మార్చండి. ఆ పనికి నేను, ఇంకా నలుగురు విద్యార్థులము సిద్ధంగా ఉన్నాము. ఇకమీదట ఎవరైనా మెమరీ అమ్మడానికి వస్తే, అది మా కెర్నల్‌కు కనిపిస్తుందా అని ముందు అడిగి, యంత్రంలో వేసి అంకె మారినాకనే డబ్బు ఇవ్వండి. చందా డబ్బులో మొదటి ఖర్చుగా యూపీఎస్ బ్యాటరీలు కొనండి. ఈసారి టైపు చేసిన కథ కరెంటు పోయినా పోకూడదు.