గ్రంపీ నడుస్తూ నడుస్తూ ఎందుకు ఆగాడు?

1937లో వచ్చిన డిస్నీ సినిమా ‘స్నో వైట్ అండ్ ద సెవెన్ డ్వార్ఫ్స్’లో ఓ చిన్న సీన్ ఉంది. ఏడుగురు మరుగుజ్జులు పొద్దున్నే గనికి బయల్దేరుతుంటారు. స్నో వైట్ గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ ముద్దు పెట్టి పంపిస్తుంటుంది. గ్రంపీ వంతు వస్తుంది. ఎప్పుడూ చిరచిరలాడే రకం. ఆడవాళ్లంటేనే గిట్టదన్నట్టు తిరుగుతుంటాడు. అయినా ఇంట్లోకి ఎవర్నీ రానివ్వద్దని ఆమెకి జాగ్రత్తలు చెప్తాడు. ఆమె టక్కున తల మీద ముద్దు పెట్టేస్తుంది. గ్రంపీ విదిలించుకుని, ముఖం ముడుచుకుని, దబదబా అడుగులేసుకుంటూ వెళ్లిపోతాడు.

నాలుగడుగులు వేశాక నడక మెల్లబడుతుంది. ఆగుతాడు. ముఖం కరిగిపోతుంది. ఓ నిట్టూర్పు, ఓ పిచ్చి నవ్వు. వెనక్కి తిరిగి చూస్తే ఆమె ఇంకా ఇటే చూస్తోంది. అంతే, మళ్లీ పాత ముఖం! ఆ కంగారులో చెట్టుకి గుద్దుకుని, వెళ్లి వాగులో పడతాడు.

చూసి నవ్వేస్తాం. కానీ అక్కడ ఆగింది ఎవరు? తెర మీద మనిషి లేడు, ఉన్నవి పెన్సిల్ గీతలు, రంగులు. ఆ సీన్‌కి ప్రాణం పోసిన యానిమేటర్ పేరు బిల్ టిట్లా. నిజానికి అక్కడ నటించింది ఆయనే, కాకపోతే కాగితం మీద. పాత్ర లోపలికి వెళ్లి నటించాలన్న రష్యన్ నాటక దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ పద్ధతితో టిట్లా పనిని చాలామంది పోలుస్తారు. 1941లో వచ్చిన ‘డంబో’లో బుజ్జి ఏనుగు తల్లి కాళ్ల చుట్టూ ఆడుకుంటుంది కదా, దానికి ఆయన గమనించింది ఏనుగుల్ని కాదు, ఇంట్లో ఉన్న తన చిన్న కొడుకుని.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌లో యానిమేషన్ నేర్చుకుంటున్నవాళ్ల షోరీల్స్ చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వాక్ సైకిల్ ఉంటుంది. బరువైన పెట్టె ఎత్తడం ఉంటుంది. గోడ దూకడం, కత్తి తిప్పడం ఉంటాయి. అన్నీ శుభ్రంగానే ఉంటాయి. కానీ ఆ బొమ్మ పెట్టె ఎందుకు ఎత్తుతోంది? ఎవరిది అది? ఎత్తకపోతే ఏమవుతుంది? జవాబు ఉండదు. కదలిక ఉంది, మనిషి లేడు.

ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో రాసిన ‘ది ఇల్యూజన్ ఆఫ్ లైఫ్’ పుస్తకంలోని 12 సూత్రాలు ఈ ఫీల్డ్‌లో అందరికీ తెలుసు. స్క్వాష్ అండ్ స్ట్రెచ్, యాంటిసిపేషన్, టైమింగ్ వగైరా. అవి రావాల్సిందే, అందులో డౌట్ లేదు. కాకపోతే వాటిలో ఎక్కువ భాగం శరీరం గురించి. బంతి కింద పడితే ఎలా సాగుతుందో చెప్తాయి. గ్రంపీ ఎందుకు ఆగాడో మాత్రం నటన చెప్పాలి.

నటుడు ఏ సీన్‌కైనా ముందు వేసుకునే ప్రశ్నలు రెండు. ఈ పాత్రకి ఇప్పుడు ఏం కావాలి? దానికి అడ్డం ఏంటి? గ్రంపీకి ఆ ప్రేమ కావాలి. అడ్డం బయట లేదు, తన ‘కోపిష్టి’ ఇమేజే అడ్డం. ఈ రెండూ ఒకే నడకలో కొట్టుకున్నాయి కాబట్టే ఆ సీన్ ఇప్పటికీ పనిచేస్తోంది. ఉట్టి కోపంగా నడిచి వెళ్లిపోయి ఉంటే అదీ ఓ వాక్ సైకిలే.

ఆలోచన మారడాన్ని ఎలా చూపించాలి? ముందు కళ్లు. ఏదన్నా చప్పుడైతే మనం మొత్తం ఒళ్లంతా ఒక్కసారే తిప్పం. చాలాసార్లు చూపు ముందు వెళ్తుంది, తర్వాత తల, ఆ తర్వాత భుజాలు. కొత్తగా నేర్చుకునేవాళ్లు అన్నీ ఒకే ఫ్రేమ్‌లో తిప్పేస్తారు, బొమ్మ తలుపులా తిరుగుతుంది. రెప్పపాటు కూడా అంతే. ఏదో కళ్లు ఆర్పాలి కదా అని రెండు సెకన్లకోసారి ఆర్పించకండి. పాత్ర ఒక ఆలోచన వదిలి ఇంకోదానికి వెళ్లే చోట ఆర్పించి చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

తర్వాత చేతులు. డైలాగ్ షాట్ ఇస్తే ‘నేను’ అన్నప్పుడు గుండె మీద చెయ్యి, ‘నువ్వు’ అన్నప్పుడు ఎదుటివాడి మీదకి వేలు, ‘ఆకాశం’ అన్నప్పుడు పైకి. అంగన్‌వాడీలో అభినయ గేయం అన్నమాట! పిల్లలు చేస్తే ముద్దొస్తుంది. కానీ పెద్దవాళ్లు మాట్లాడేటప్పుడు చేతులు మాటకి అర్థం చెప్పవు, చాలాసార్లు మాట దాచినదాన్ని బయటపెడతాయి. “నాకేం కోపం లేదు” అంటూ గ్లాసు టేబుల్ మీద కాస్త గట్టిగా పెట్టే అమ్మని అందరం చూశాం.

అసలు కదలకుండా ఉండటం అన్నిటికన్నా కష్టం. స్నో వైట్ చనిపోయిందనుకుని మరుగుజ్జులు ఆమె చుట్టూ చేరి ఏడ్చే సీన్ చేసింది పైన చెప్పిన ఫ్రాంక్ థామసే. మళ్లీ ఒకసారి చూడండి, ఎంత తక్కువ కదులుతారో! ఓ కన్నీటిబొట్టు, కాస్త తల వాల్చడం, అంతే. అక్కడ చేతులు ఊపి ఉంటే జనం ఏడ్చేవాళ్లు కాదు.

ముఖంలో హావభావాలే లేకపోతే? దీనికి మనకి ఇంటి ఉదాహరణే ఉంది. 2012లో రాజమౌళి తీసిన ‘ఈగ’. హీరో మాట్లాడలేడు, పళ్లు కనపడేలా నవ్వలేడు, అంత పెద్ద కళ్లకి రెప్పలు కూడా లేవు. అయినా పగ అర్థమైంది, చిలిపితనం అర్థమైంది. ఎలా? తల ఎటు తిప్పింది, ఎంతసేపు ఆగింది, ఎప్పుడు దూసుకెళ్లింది అన్నవాటితోనే నటన అంతా. కారు అద్దం మీద చంపేస్తానని రాసే సీన్‌లో థియేటర్లు ఊగిపోయాయంటే ఆ ఈగకి ఏం కావాలో అప్పటికే అందరికీ తెలుసు కాబట్టి. హైదరాబాద్‌లోని మకుట సంస్థకి ఈ సినిమా స్పెషల్ ఎఫెక్ట్స్‌కి జాతీయ అవార్డు వచ్చింది.

ఇంకో సంగతి. ఈగ నటనలో సగం సుదీప్‌దే అని నా అభిప్రాయం. ఎదురుగా ఏమీ లేకుండానే ఆయన చిరాకుపడ్డాడు, భయపడ్డాడు, నిద్రలేని మనిషిలా అయిపోయాడు. ఆ భయం చూసి మనం ఈగని నమ్మాం. నటనంటే ఎదుటివాళ్లకి స్పందించడం కూడా. మీ షాట్‌లో రెండు క్యారెక్టర్లు ఉంటే, మాట్లాడేవాడి కన్నా వినేవాడి మీద ఎక్కువ టైమ్ పెట్టండి.

నటుడికి ఒక్క టేక్‌లో దొరికేది యానిమేటర్‌కి రోజులు పడుతుంది. సెకనుకి 24 ఫ్రేములు. మూడు సెకన్ల షాట్ మీద వారం కూర్చుంటే, మొదటి రోజు నవ్వు తెప్పించిన ఐడియా నాలుగో రోజుకి చప్పగా అనిపిస్తుంది. అందుకే పాత తరం యానిమేటర్లు టేబుల్ మీద అద్దం పెట్టుకునేవాళ్లు, ఇప్పుడు అందరూ తమని తామే వీడియో తీసుకుంటున్నారు. వీడియోని మక్కీకి మక్కీ దించేస్తే మాత్రం బొమ్మ నీళ్లలో నడిచినట్టుంటుంది. అందులోంచి ముఖ్యమైన నాలుగు భంగిమలు ఏరుకుని, వాటిని పెంచి, మిగతాది వదిలేయాలి. మోషన్ క్యాప్చర్ వచ్చినా, ఏఐ నడకలు తయారుచేసిచ్చినా ఈ ఏరుకునే పని మాత్రం మన మీదే ఉంటుంది. ఫ్రెషర్‌గా ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు షోరీల్‌లో చూపించాల్సింది అదే.

ఈ వారం ఓ చిన్న ప్రయత్నం చేయండి, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఫోన్‌ని ఎక్కడన్నా ఆనించి వీడియో ఆన్ చేయండి. మీరో పెద్ద మెసేజ్ పంపారనుకోండి, అటువైపు ‘టైపింగ్’ అని వచ్చింది, ఆగిపోయింది, మళ్లీ వచ్చింది, మళ్లీ ఆగిపోయింది. పది సెకన్లు నటించండి, మాట లేకుండా. ముందు అప్పు అడిగినవాళ్లలా, తర్వాత సారీ చెప్పినవాళ్లలా, ఆ తర్వాత ప్రేమ సంగతి చెప్పేసినవాళ్లలా. మూడింటినీ సౌండ్ లేకుండా ఫ్రెండ్‌కి చూపించి, ఏది ఏదో కనిపెట్టమనండి. కనిపెట్టలేకపోతే బొటనవేలు ఏం చేస్తోందో, ఊపిరి ఎక్కడ ఆగుతోందో చూసుకుని మళ్లీ తీయండి.