పాటకు యజమాని ఎవరు?

సోమల వంటి పల్లెపట్టులలో ఒక తరము క్రిందట పాట వినవలెనన్న మార్గములు కొద్ది. ఆకాశవాణి ఒకటి, పెండ్లిండ్లలో మైకుసెట్టువారు వేయు రికార్డులు ఒకటి, జాతరనాడు హరికథ, చెక్కభజన, మొహర్రం దినములలో పీర్లచావిడి ముందర హిందువులును ముస్లిములును కలిసి పాడుకొను పాటలు. ఇంతటితో సరి. నేడు అదే పల్లెలో టమాటా తోటకు నీరు కట్టు యువకుని జేబులోని సెల్‌ఫోనులో లోకములోని సంగీతమంతయు ఇమిడియున్నది. ఈ మార్పును మేము ఆహ్వానించుచున్నాము. అయితే ఇంత విశాలమైన తలుపు తెరచుకొన్నను మన విద్యార్థులు చాలవరకు ఒక్క గదిలోనే, అనగా సినిమా పాటలోనే, తిరుగాడుచున్నారు. ఆ గది వెలుపల ఏమున్నదో, దానిని ఏ విధముగా వాడుకొనవచ్చునో, అందు మన ధర్మమేమో చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము.

సినిమా పాటను మేము నిందించుటలేదు. తెలుగువారి సాహిత్యాభిరుచిని పెంచిన కవులెందరో ఆ రంగమున కృషిచేసినారు. కాని సినిమా పాట కథకు లోబడినది; నిర్మాత పెట్టుబడికి లోబడినది. వాటితో నిమిత్తము లేక, తాము చెప్పదలచినది తామే వ్రాసి, స్వరపరచి, పాడి, నేరుగా శ్రోతకు అందించునది స్వతంత్ర సంగీతము. హైదరాబాదుకు చెందిన చౌరస్తా బృందము 2020లో కరోనా జాగ్రత్తలను పల్లె పలుకుబడిలో పాటగా కట్టి ఇంటర్నెట్టులో విడుదల చేయగా, ఏ సినిమా అండయు లేకయే అది తెలుగు నేలపై విరివిగా వినబడినది. దీనికి భిన్నముగా నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యగారి పేరు ఎక్కువమందికి తెలిసినది 2021లో ఒక సినిమా పాట వలననే. 2022లో పద్మశ్రీ లభించినది. అంతకు ముందు దశాబ్దుల తరబడి ఆ కిన్నెర మ్రోగుచునే యుండెను. సినిమా వచ్చి చూపువరకు మన కళాకారుని మనము చూడకపోవుట విచారింపదగిన విషయము.

ఇక రెండవ సంగతి. ఉచితముగా వినుట వేరు, స్వేచ్ఛగా వాడుకొనుట వేరు. ఈ భేదము తెలియక మన యువకులు తికమకపడుచున్నారు. ఒక పాటలో కనీసము మూడు హక్కులు పొరలు పొరలుగా ఉండును: సాహిత్యము ఒకటి, స్వరరచన ఒకటి, ధ్వనిముద్రణ ఒకటి. అల్లామా ఇక్బాల్ 1904లో రచించిన "సారే జహాఁ సే అచ్ఛా" గీతమును తీసికొందము. కవి 1938లో మరణించినారు. మన దేశపు చట్టము ప్రకారము రచయిత మరణానంతరము అరువది సంవత్సరములకు రచన ప్రజల సొత్తగును గనుక ఆ పదములు ఇప్పుడు అందరివి. కాని మనము సాధారణముగా పాడుకొను వరుసను కూర్చిన పండిత రవిశంకర్ 2012లో కన్నుమూసినారు; ఆ వరుసపై హక్కు ఇంకను సజీవముగా ఉన్నది. దానిని ఎవరో పాడగా ముద్రించిన రికార్డుపై హక్కు మరియొకటి. ధ్వనిముద్రణలకు ప్రచురణ తేదీ నుండి అరువది ఏండ్ల గడువు. అనగా 1964లోను అంతకు ముందును వెలువడిన రికార్డులపై ముద్రణ హక్కు మన దేశమున తీరిపోయినది. త్యాగరాజ కృతిని ఆ కాలపు రికార్డులో వినిన యెడల అది పూర్తిగా ప్రజల సొత్తు. అదే కాలపు సినిమా పాటలో కవి హక్కు, స్వరకర్త హక్కు మిగిలియుండవచ్చును.

ఈ అరువది ఏండ్ల లెక్కకును మన ప్రాంతమునకును ఒక చిత్రమైన సంబంధము కలదు. 1919 ఫిబ్రవరిలో విశ్వకవి రవీంద్రులు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి, 'జనగణమన'ను ఇంగ్లీషులోనికి అనువదించినారు. ఆ కళాశాల ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ సతీమణి మార్గరెట్ కజిన్స్ దాని వరుసను స్వరలిపిలో నిలిపినారు. రవీంద్రులు 1941లో కాలధర్మము చెందినారు. అప్పటి చట్టము ప్రకారము ఏబది ఏండ్లు నిండి 1991 డిసెంబరుతో ఆయన రచనలు ప్రజలపరము కావలసియుండగా, ముఖ్యముగా ఆ రచనలను దృష్టిలో ఉంచుకొనియే గడువును మరి పదియేండ్లు పొడిగించినారు. 2002 జనవరి నుండి అవి అందరివైనవి. జాతియంతయు పాడుకొను గీతమును వ్రాసిన కవి రచనలకు కూడ యజమాని ఎవరను ప్రశ్న ఇట్లు తలయెత్తినదన్నచో, మన ఊరి పాటల మాట వేరుగా చెప్పవలెనా?

గడువు తీరువరకు కాచుకొని యుండనక్కరలేకుండ, రచయిత తానే బ్రతికియుండగా అనుమతినిచ్చు పద్ధతి ఒకటి వచ్చినది. అమెరికాలో 2001లో స్థాపితమైన క్రియేటివ్ కామన్స్ అను సంస్థ 2002 డిసెంబరులో తన మొదటి లైసెన్సులను ప్రకటించినది. వీనిలో కర్త తన హక్కును వదులుకొనడు. కొన్ని షరతులతో ముందుగానే అందరికిని అనుమతినిచ్చును. పేరు చెప్పి వాడుకొనుడు అనునది ఒక షరతు. వ్యాపారమునకు వాడరాదు అనునది మరియొకటి. మార్చరాదు అనునది వేరొకటి. మార్చినవారు తమ కృతిని కూడ ఇదే షరతుపై పంచవలెననునది నాల్గవది. ఇట్టి పాటలు దొరకు భాండారములు నేడు పెక్కు కలవు: 1996లో మొదలైన ఇంటర్నెట్ ఆర్కైవ్, 2009లో ఆరంభమైన ఫ్రీ మ్యూజిక్ ఆర్కైవ్, లక్సెంబర్గుకు చెందిన జమెండో, వికీమీడియా కామన్స్. మ్యూజోపెన్ అను సంస్థ 2010లో ప్రజల వద్ద చందాలు వసూలుచేసి, వాద్యబృందమును నియోగించి, పాశ్చాత్య శాస్త్రీయ కృతులను వాయింపజేసి, ఆ ముద్రణలను సర్వజనులకు వదలివేసినది. అన్నమయ్య సంకీర్తనలకును, త్యాగయ్య కృతులకును ఇట్టి పని ఏల జరుగరాదు?

ఇచ్చట ఒక ఆక్షేపణ రాగలదు. పాటను ఉచితముగా పంచిన యెడల కళాకారుడు ఏమి తినవలెను? ఇది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. నైన్ ఇంచ్ నెయిల్స్ అను అమెరికా బృందము 2008లో ఒక సంపుటిని స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసియు మొదటి వారముననే పదునారు లక్షల డాలర్లు గడించినదని కొందరు ఉదాహరింతురు. నిజమే. కాని అది అప్పటికే జగత్ప్రసిద్ధిగన్న బృందము. పెండ్లికి పిలుపు వచ్చిన నాడే పొయ్యి వెలుగు మన పలకల కళాకారునికి ఆ లెక్క వర్తింపదు. కావున మా అభిప్రాయమిది: జీతము గల మేము, చదువుకొను విద్యార్థులు, సంఘములు, ప్రభుత్వ నిధులతో పనిచేయువారు తమ కృతులను స్వేచ్ఛగా ఇచ్చుట యుక్తము. కూలి మీద బ్రతుకు కళాకారుని "నీ పాటను దానము చేయుము" అనుట యుక్తము కాదు. దానము ఉన్నవాని ధర్మము గాని లేనివాని విధి కాదు.

ఈ మాట ఏల ఇంత నొక్కి చెప్పుచున్నామనగా, మన పల్లెపాటల విషయమున చట్టములో ఒక మెలిక కలదు. తరతరాలుగా వచ్చు జానపదమునకు కర్త పేరు లేదు. కాని దానిని ముద్రించిన యెడల ఆ ముద్రణకు చట్టరీత్యా కర్త ఎవరు? పాడిన అవ్వ కాదు, పూనుకొని ముద్రించినవాడు. పాడినవారికి 1994 సవరణ ద్వారా ప్రదర్శకుల హక్కు అనునది లభించినది. వారి సమ్మతి లేక ముద్రించుట తప్పు. కాని సోమల మండలములోని పొలము గట్టున నాట్లపాట పాడు అవ్వకు ఈ సంగతి చెప్పువారెవరు? ఎవరో ఫోనుతో వత్తురు, పాడించుకొందురు, తమ ఛానలు పేరుతో పెట్టుకొందురు. పాట లోకమెల్ల తిరుగును. పాడినామె పేరు మాత్రము ఊరు దాటదు. ఈ అన్యాయమును ఆపగల చదువు మన విద్యార్థులకు కలదు.

ముస్లిములమైన మాకు ఈ విషయము మరింత దగ్గరిది. ప్రకాశం జిల్లా కరవది గ్రామమున 1924లో పుట్టిన షేక్ చినమౌలానాగారు నాదస్వరమున అద్వితీయులై, శ్రీరంగమున స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదమునందినారు. షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు 2020వ సంవత్సరపు పద్మశ్రీ పొందినారు. ఆలయములలో మ్రోగిన ఆ నాదము ఏ మతము వారి సొత్తు? మొహర్రం నాడు తెలుగులో పాడు పీర్ల పాట ఎవరి సొత్తు? ఇవి మన ఉమ్మడి ఆస్తి. ఉమ్మడి ఆస్తిని కాపాడువారు లేనియెడల అది అన్యాక్రాంతమగునని పల్లెవారికి మేము చెప్పనక్కరలేదు.

కావున మేము కోరునది అసాధ్యమైనది కాదు. ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఇరువురు చొప్పున కూడి, తమ ఊళ్ళలోని పాటగాండ్ర వద్దకు పోవలెను. ముద్రించుటకు ముందే ఇది ఎందుకో, ఎక్కడ పెట్టబోవుదుమో వారికి తెలిసిన భాషలో చెప్పవలెను. ఒకసారి ఇచ్చిన స్వేచ్ఛా లైసెన్సును తిరిగి వెనుకకు తీసికొనుట సాధ్యము కాదన్న సంగతిని దాచరాదు. వారు వలదన్నచో అచ్చటితో ఆగవలెను. సరేయన్నచో పాడినవారి పేరు, ఊరు, తేదీ, పాట సందర్భము వ్రాసికొనవలెను. వ్యాపారమునకు వాడరాదని వారు కోరినచో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఆ షరతుతో ఉంచవచ్చును. వికీమీడియా కామన్స్ అట్టి షరతును అంగీకరింపదు. ఆర్థిక లాభమేదైన వచ్చినచో అది పాడినవారిదే.

కళాశాల వార్షికోత్సవముల సంగతియు ఇందులోనిదే. అధ్యాపకులు, విద్యార్థులు, వారి తల్లిదండ్రులు కూడిన సభలో రికార్డు వేసికొనుటను కాపీరైటు చట్టము 52వ సెక్షను అనుమతించుచున్నది. ఆ నృత్యమును చిత్రించి ఇంటర్నెట్టులో పెట్టుటకు ఆ అనుమతి చాలదు. అందుచేతనే అట్టి వీడియోలు తరచుగా మూగబోవుచున్నవి. స్వేచ్ఛా లైసెన్సు గల సంగీతముతోనో, మన విద్యార్థులు తామే పాడి వాయించిన పాటతోనో ఆడినచో ఆ చిక్కు లేదు. పైగా ఆ పాట మన కళాశాలదని చెప్పుకొను గౌరవము దక్కును.

పాటకు యజమాని ఎవరను ప్రశ్నకు చట్టము ఒక సమాధానము చెప్పును. కాని పాడిన నోటి పేరు చెప్పుట ఏ చట్టమును నేర్పనక్కరలేని మర్యాద. ఆ మర్యాదతో వినుడు, ఆ మర్యాదతో పంచుడు. వచ్చు సంవత్సరపు సంచికలో మన మండలపు పాటగాండ్ర పేర్లు కొన్నియైనను అచ్చులో చూడగలమని ఆశించుచున్నాము.