గాలి, నిప్పు, కరెంటు తీగ

అరసికెరె అనగానే చాలమందికి హాసన్ వైపు రైలు జంక్షను గుర్తుకు వస్తుంది. మేము చెప్పేది అది కాదు, మన పావగడ తాలూకా అరసికెరె. ఇక్కడికి సముద్రము చాల దూరము. తుపాను అంటే మనవారికి రెండు రోజుల ముసురు, అదృష్టముంటే చెరువులోకి నాలుగు నీళ్ళు. అయినను ఈ మాసము తుపానుతోనే మొదలుపెట్టుచున్నాము. కరెంటు తీగకు ఏ ఊరి గాలి అయినా ఒకటే గదా!

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము మీద పడినది. గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వీచినది. స్తంభములు వేలకొద్దీ కూలినవి. నగరము రోజుల తరబడి చీకటిలో ఉన్నది. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చి పలాస ప్రాంతమును అట్లే చేసినది.

తుపాను వచ్చిన తరువాత స్తంభములు వెతుకుకొనేవాడు దండుగ మనిషి. హెచ్చరిక అందిన వెంటనే స్తంభములు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, చెట్లు కోసే రంపములు, క్రేనులు గాలి తగలని చోటికి చేర్చవలెను. పొరుగు జిల్లాల పనివారిని ముందే రప్పించి, వారికి బస, భోజనము ఏర్పాటు చేయవలెను. (ఆకలితో స్తంభమెక్కేవారు ఎవరు?) గాలి పెరిగినపుడు లైను తామే ఆపివేస్తారు. తెగిన తీగలో కరెంటు ఉండరాదు. తరువాత ఆసుపత్రి, మంచినీటి పంపులు ముందు. మన యిళ్ళు వెనుక. హుద్‌హుద్ తరువాత ప్రపంచ బ్యాంకు అప్పుతో విశాఖలో కొంతమేర తీగలను భూమిలోనే పాతిపెట్టినారు. అది మంచిదే గాని, ఖర్చు పల్లెటూళ్ళకు అందేది కాదు.

ఇక నిప్పు సంగతి. మన పిల్లలు చాలమంది ఉన్న కాలిఫోర్నియాలో 2018 నవంబరు 8న ఒక పెద్ద లైను స్తంభము మీద, ఇంచుమించు నూరేండ్ల నాటి ఇనుప కొక్కెము అరిగి తెగినది. తీగ జారి, నిప్పు రవ్వలు ఎండుగడ్డి మీద పడినవి. పారడైజ్ అనే ఊరు కాలిపోయినది. 85 మంది చనిపోయినారు. ఆ కంపెనీ 2020లో కోర్టులో నేరము ఒప్పుకొన్నది. మధ్యలో 2019 అక్టోబరులో ఎండగాలి వీచినపుడు లక్షలాది ఇళ్ళకు ముందుగానే కరెంటు ఆపినది. జనము తిట్టినారు. తిట్టినా ఆపుట మేలని మా అభిప్రాయము. అయితే కొక్కెము సకాలములో మార్చియుంటే అంత దూరము వచ్చేది కాదు.

మన సీమలో ఆ రెండూ కలిసి వచ్చేది చైత్ర వైశాఖములలో. మధ్యాహ్నము మాడుతుంది, సాయంకాలము సుడిగాలి లేచి ఉరుముతుంది. వదులుగా వ్రేలాడే రెండు తీగలు ఊగి తగులుకుంటే రవ్వలు రాలుతాయి. కింద వేరుశెనగ కట్టె వామి ఉంటే చెప్పేదేమున్నది, ఒక యింటి పశువుల ఏడాది మేత గడియలో బూడిద! తిరుమణి, వళ్ళూరు వైపు 13,000 ఎకరాల సౌరవిద్యుత్ పార్కువారు కూడ పలకల క్రింది ఎండుగడ్డికి భయపడవలసినదే.

బెస్కాంవారు చేయవలసినది వేసవికి ముందే చేయవలెను. వదులు తీగలు బిగించుట, మధ్య ఎడము కర్రలు కట్టుట, వేప, చింత కొమ్మలు కొట్టుట. కొమ్మలు కొట్టే దినము కరెంటు ఉండదు. ఆనాడు బోరు ఆగినదని లైనుమనిషితో తగవు పెట్టుకొనేవారు మనలో ఉన్నారు. చెట్టు నాది, కొమ్మ ముట్టవద్దు అనేవారును ఉన్నారు. ఫ్యూజు పోతే లావు తీగ చుట్టి ‘ఇక పోదులే’ అనేవారి సంగతి సరేసరి. పోవలసినపుడు పోవుటకే ఫ్యూజు!

వామిని తీగల కింద నుండి తీసి దూరముగా వేసుకొనుట మన పని. గాలివాన మరునాడు చేలో తీగ పడియుంటే, కరెంటు లేదని ఎవరు చెప్పినా దగ్గరకు పోవద్దు. పశువులను, పిల్లలను ఆవలే నిలిపి 1912 నంబరుకు ఫోను చేయండి. స్తంభము మీది సంఖ్య దూరము నుండియే కనబడితే అదికూడ చెప్పండి, వారికి వెతుకులాట తప్పుతుంది.