ఢీకొన్న తర్వాతే అసలు ఆట

1995 జూన్ 18. కేప్‌టౌన్‌లో రగ్బీ ప్రపంచకప్ సెమీఫైనల్. న్యూజిలాండ్ ఆటగాడు జోనా లోము బంతితో దూసుకొస్తుంటే ఇంగ్లండ్ తరఫున ఆఖరి కాపలాగా మైక్ కాట్ అడ్డు నిలిచాడు. ఇరవై ఏళ్ల లోము పక్కకు తప్పుకోలేదు. అతని మీదుగానే వెళ్లిపోయాడు. ఆ మ్యాచ్‌లో నాలుగు ట్రైలు చేశాడు. రగ్బీ తెలియని వాళ్లు కూడా టీవీలో ఆ దృశ్యం చూసే ఉంటారు. బలవంతుడిదే ఈ ఆట అని తీర్మానించుకునీ ఉంటారు.

సరిగ్గా ఆరు రోజుల తర్వాత జొహన్నెస్‌బర్గ్‌లో ఫైనల్. దక్షిణాఫ్రికా ఆటగాళ్లు లోమును ఒక్కొక్కరుగా ఎదుర్కోవాలని చూడలేదు. ఒకడు కాళ్లకు చుట్టుకుంటే ఇంకొకడు వచ్చిపడేవాడు. లోముకు ఒక్క ట్రై కూడా దక్కలేదు. అదనపు సమయం దాకా సాగిన ఆ మ్యాచ్‌ను దక్షిణాఫ్రికా 15-12తో గెలుచుకుంది. రగ్బీ కోచ్‌లు నేర్పే పాఠమంతా ఈ రెండు మ్యాచ్‌ల మధ్యే ఉంది.

రగ్బీలో బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి. కాబట్టి బంతి పట్టుకున్నవాడికి సాయం వెనుక నుంచే రావాలి. అతన్ని పట్టి పడేస్తే బంతిని వదిలేయాల్సిందే. ఆ క్షణంలో తనవాళ్లు వచ్చి పైన నిలబడకపోతే ప్రత్యర్థి దాన్ని తన్నుకుపోతాడు. అంటే ఎంత మొనగాడైనా ఒంటరిగా చొచ్చుకుపోతే చివరికి బంతిని అప్పగించి వచ్చినట్టే.

అందుకే శిక్షణలో రెండు భాగాలుంటాయి. మొదటిది బంతి పట్టుకున్నవాడికి. మోకాళ్లు వంచి ఒంటిని కిందికి దించాలి. వీపు వంగకూడదు, చూపు ముందుకే ఉండాలి. బంతి ప్రత్యర్థికి దూరంగా ఉన్న చేతిలో ఉండాలి. ఎదుటివాడి ఛాతీకి నేరుగా కాకుండా భుజం పక్కనున్న ఖాళీకి గురిపెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఒళ్లు తగిలాక కాళ్లు ఆగకూడదు. చిన్న చిన్న అడుగులు వేగంగా పడాలి. బురదలో దిగబడిన బండికి భుజం పెట్టిన రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. పెద్ద అడుగు వేస్తే కాలు జారుతుంది. కొత్తవాళ్లు తగలగానే ఆగిపోతారు, పని అయిపోయిందనుకుని. తెలిసిన కోచ్ ఢీకొట్టే ప్యాడ్‌కు రెండు మూడు గజాల వెనుక ఒక గుర్తు పెట్టి, అక్కడిదాకా వెళ్లమంటాడు.

రెండో భాగం వెనుక వచ్చేవాడికి. మరీ దగ్గరగా వస్తే ఇద్దరూ ఒకే దెబ్బకు పడతారు. దూరమైతే బంతి పోతుంది. ముందున్నవాడు నిలబడి ఉంటే భుజం పెట్టి నెట్టాలి, చెయ్యి విడిపించుకుంటే బంతి అందుకోవాలి, పడిపోతే అతని మీదుగా అడుగేసి కాపలా కాయాలి. ఇదంతా ఒక్క క్షణంలో తేల్చుకోవాలి. ముగ్గురు ముందే అతుక్కుని ఒక దిమ్మెలా దూసుకెళ్లడాన్ని 2021లో నిషేధించారు. ఒక్కరు పట్టుకోవచ్చు, కానీ కాళ్ల మీద నిలబడే ఉండాలి.

ఈ విద్య పొట్టివాళ్లకూ పనికొస్తుందని 2015లో జపాన్ చాటింది. ఎడ్డీ జోన్స్ శిక్షణలో ఆ జట్టు బ్రైటన్‌లో దక్షిణాఫ్రికాను 34-32తో ఓడించింది. ఒంటిని కిందికి దించడం, బంతిని చటుక్కున బయటికి తీయడం, పడినవాడి పక్కన ఎప్పుడూ ఒకడు ఉండటం వాళ్ల బలం.

దీనికి మరో ముఖం ఉంది. 2003లో ఇంగ్లండ్ తరఫున ప్రపంచకప్ గెలిచిన స్టీవ్ థాంప్సన్ 42 ఏళ్లకే డిమెన్షియా బారిన పడ్డాడు. ఆ కప్పు గెలిచిన సంగతే తనకు గుర్తులేదని 2020లో చెప్పాడు. మరుసటి ఏడాది ప్రపంచ రగ్బీ సంస్థ, వృత్తి ఆటగాళ్లకు వారంలో పూర్తిస్థాయి ఢీకొట్టే సాధన 15 నిమిషాలు మించకూడదని సూచించింది. సాధన పేరుతో రోజూ తలలు బద్దలుకొట్టించే కోచ్ ఆట నేర్పడం లేదు, పిల్లల రేపటిని ఖర్చు చేస్తున్నాడు. అడుగుల తీరు, దూరం, సమయం వంటివి దెబ్బ తగలకుండానే నడుస్తూ నేర్పవచ్చు.

మనకు రగ్బీ పరాయిదేమీ కాదు. ఇంగ్లండ్, స్కాట్లండ్ నేటికీ పోటీపడే కలకత్తా కప్పు, 1878లో మూతపడిన కలకత్తా క్లబ్బు వెండి రూపాయలను కరిగించి చేసిందే. 2019లో భారత మహిళలు మనీలాలో సింగపూర్‌ను 21-19తో ఓడించి పదిహేనుమంది ఆటలో తొలి అంతర్జాతీయ విజయం సాధించారు. 2025లో ముంబైలో జరిగిన లీగ్‌లో హైదరాబాద్ పేరిట ఒక జట్టు కూడా ఆడింది.

కబడ్డీ మన పిల్లలకు పట్టు నేర్పింది, తెగువ నేర్పింది. కానీ కూతకు వెళ్లేవాడు ఒంటరి. గీత తాకేదాకా అతనికి దిక్కెవరూ లేరు. రగ్బీకి వచ్చేటప్పుడు మార్చుకోవాల్సిన అలవాటు ఇదే. మన మైదానాల్లో ఇప్పటికీ ఎదుటివాణ్ణి పడగొట్టిన కుర్రాడికే చప్పట్లు. అతని వెనకాలే పరుగెత్తి, పడినప్పుడు పైన నిలబడిన కుర్రాడి పేరు కూడా కోచ్ పిలిచి చెప్పాలి. ఆ ఒక్క అలవాటుతో జట్టు మారుతుంది, తలలు కూడా కాస్త భద్రంగా ఉంటాయి.