గ్రామసభలో మీ చోటు ఖాళీగా ఉండరాదు



మన పుత్తూరుకు దగ్గరలోనే ఉన్న తిరుచానూరులో 1891లో మాడభూషి అనంతశయనం అయ్యంగారు పుట్టారు. కొన్నాళ్లు లెక్కలు చెప్పారు, తరువాత నల్లకోటు వేసుకున్నారు, చివరికి దేశం పిలిస్తే అన్నీ పక్కనబెట్టి జైలుకు నడిచారు. 1940కీ 1944కీ మధ్య దాదాపు మూడేళ్లు ఆయన చెరసాలలోనే గడిపారు. 1956లో లోక్‌సభ స్పీకరు పీఠం ఎక్కారు. మన సీమ బిడ్డకు దక్కిన ఆ గౌరవం మనందరికీ గర్వకారణం. అంతకన్నా ముఖ్యమైన పని ఆయన 1948 నవంబరులో రాజ్యాంగ సభలో చేశారు. దాన్ని గుర్తుచేయడానికే ఈ నాలుగు మాటలు.

ఆ నెల 4న డాక్టర్ అంబేడ్కర్ ముసాయిదా రాజ్యాంగాన్ని సభ ముందుంచారు. మన పల్లె సంకుచితత్వానికీ, అజ్ఞానానికీ, మతతత్వానికీ నెలవని ఆయన నిర్మొహమాటంగా అన్నారు. చాలామంది సభ్యులు నొచ్చుకున్నారు. గాంధీజీ కలగన్న గ్రామ స్వరాజ్యానికి రాజ్యాంగంలో చోటేదని అడిగారు. అయ్యంగారు ఆ చర్చలో లేచి ఒక నిజం చెప్పారు. గ్రామ గణరాజ్యాలు ఇప్పుడు మన ఊళ్లలో సిద్ధంగా లేవు, వాటిని మనమే తయారుచేసుకోవాలి అన్నారు. పంచాయతీలు పెట్టి, వాటి పనులు అవే చూసుకునే అధికారం ఇవ్వాలని రాబోయే ప్రభుత్వాలను ఆదేశించే మాట ఒకటి రాజ్యాంగంలో చేర్చండని సూచించారు. నవంబరు 22న సభ్యుడు సంతానం గారు ఆ సవరణ తెచ్చారు, అంబేడ్కర్ ఒప్పుకున్నారు, మన ప్రకాశం పంతులు గారు దాని పక్షాన మాట్లాడారు. అదే నేటి 40వ అధికరణం.

గణరాజ్యాన్ని మనమే తయారుచేసుకోవాలి. ఈ మాట ఎంత నిజమో అమెరికా చరిత్ర చూస్తే తెలుస్తుంది. మా ప్రతినిధులు లేని సభ మాపై పన్ను వేయరాదంటూ పదమూడు బ్రిటిష్ వలసలు తిరగబడ్డాయి. 1776 జూలై 4న స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి. 1783లో యుద్ధం ముగిసింది, దొర వెళ్లిపోయాడు. కష్టాలు మాత్రం ఆగలేదు. అధికారమంటేనే భయపడి, పన్ను వేసే హక్కు లేని కేంద్ర ప్రభుత్వాన్ని పెట్టుకున్నారు. పోరాడిన సైనికులకు జీతాలిచ్చే స్థోమత దానికి లేకపోయింది. 1786లో మసాచుసెట్స్‌లో అప్పుల్లో కూరుకుపోయిన రైతులు డేనియల్ షేస్ వంటివారి వెంట నడిచి కోర్టులను అడ్డుకున్నారు. వారిలో మాజీ సైనికులు ఎందరో ఉన్నారు. మరుసటి ఏడాది ఫిలడెల్ఫియాలో కొత్త రాజ్యాంగం రాసుకున్నారు. అది రాష్ట్రాల సభల ముందుకు వెళ్లింది, ఊరూరా వాదోపవాదాలు జరిగాయి. పౌరుల హక్కులు ఇందులో ఎక్కడున్నాయని జనం నిలదీశారు. ఆ నిలదీత ఫలితమే 1791లో చేరిన పది సవరణలు.

అంత చేసినా ఒక అన్యాయాన్ని వాళ్లు ముట్టుకోలేదు. బానిసత్వాన్ని రేపటికి వదిలేశారు. ఆ రేపు అంతర్యుద్ధమై వచ్చి లక్షల ప్రాణాలు తీసింది. 1865లో గానీ బానిసత్వం రద్దు కాలేదు. దేశమంతటా ఆడవాళ్లకు ఓటుహక్కు రావడానికి 1920 దాకా పట్టింది.

మన పెద్దలు అలా వాయిదా వేయలేదు. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దుచేసింది. కూలికీ జమీందారుకూ, ఆడవారికీ మగవారికీ ఒకే విలువగల ఓటు తొలి ఎన్నికలోనే చేతిలో పెట్టింది. 1993 ఏప్రిల్ 24న అమలైన 73వ సవరణ గ్రామసభకు రాజ్యాంగ హోదా ఇచ్చింది. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ ఆ సభలో సభ్యులే. దానికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. పెద్దలు చేయాల్సింది చేసిపోయారు. ఇక మిగిలింది మన వంతు.

అందుకే అడుగుతున్నాను. గ్రామసభకు దండోరా వేసినప్పుడు మనలో ఎంతమంది కదులుతున్నాం? మామిడి తోటల రైతు, మరమగ్గం నడిపే నేతన్న, ఉపాధి పనికి వెళ్లే చెల్లెలు, చెన్నైకి రైలెక్కి పనికెళ్లే తమ్ముడు, వీళ్లు రాని సభ ఎవరి సభ? సంతకాల పుస్తకం నిండి, సభ ఖాళీగా ఉంటే అయ్యంగారి జైలు జీవితానికి మనమిచ్చిన గౌరవం ఏపాటిది?

ఇంటిపన్ను, నీటిపన్ను గడువులోపు కడదాం. కట్టినవాళ్లుగా తలెత్తి లెక్క అడుగుదాం. పన్ను ఎగ్గొట్టి దీపం వెలగలేదనడం తప్పు. పన్ను కట్టి నోరు మూసుకోవడం అంతకన్నా పెద్ద తప్పు. పట్టణంలో ఉన్నవాళ్లకూ ఈ బాధ్యత తప్పదు. మురుగుకాలువకూ వీధిదీపానికీ ఎంత డబ్బు వచ్చింది, ఎంత ఖర్చయింది అని వార్డు కౌన్సిలరును మర్యాదగా, వదలకుండా అడగండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. చదువుకున్న యువత దరఖాస్తు రాసిపెట్టాలి, చదువురాని పెద్దల తరఫున నిలబడాలి.

అన్నిటికన్నా కష్టమైన పని మరొకటుంది. అంబేడ్కర్ పల్లె గురించి అన్న మాటకు కోపగించుకుంటే సరిపోదు. ఆ మాట ఇక మన ఊరికి వర్తించదని చేతల్లో చూపించాలి. సభలో దళితవాడ మనిషి వెనక నిలబడితే, మాట్లాడబోయి చుట్టూ చూసి ఆగిపోతే, మనం అంబేడ్కర్‌ను ఓడించలేదు, ఆయన మాటే నిజమని నిరూపించాం. ఒకే జంపఖానా మీద కలిసి కూర్చుందాం. దళితవాడ కుళాయి, గిరిజన కాలనీ దారి చర్చకు మొదట రానిద్దాం. మహిళ గెలిచిన చోట ఆ కుర్చీలో ఆమే కూర్చోవాలి, ఆమే మాట్లాడాలి, ఆమే సంతకం పెట్టాలి. భర్తలారా, అన్నదమ్ములారా, పక్కకు జరగండి. తెలుగు మాట్లాడే ఇల్లూ, తమిళం మాట్లాడే ఇల్లూ పక్కపక్కన బతికే నేల మనది. కలిసి బతకడం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు, కలిసి నిర్ణయించడం అలవాటు చేసుకోవాలి.

అన్యాయాన్ని రేపటికి వదిలేస్తే దాని బాకీ మన పిల్లలు తీర్చాలి. వాళ్ల మీద ఆ భారం మోపవద్దు. వచ్చే సభ తేదీ ఈరోజే పంచాయతీ కార్యాలయంలో కనుక్కోండి. అడగాల్సిన ప్రశ్న కాగితం మీద రాసుకోండి. ఎన్నడూ సభకు రాని పొరుగువారిని ఇంటికెళ్లి పిలిచి వెంటబెట్టుకు రండి. అందరం వెళదాం, అడుగుదాం, నిర్ణయిద్దాం, నిర్ణయించింది చేసి చూపిద్దాం.

జై హింద్!