ధైర్యానికి కోచింగ్ ఉంటుందా?

పోయిన అక్టోబరు 15న మా స్కూల్ బస్సులో ఎవరూ అంత్యాక్షరి ఆడలేదు. ముందురోజు రాత్రి గోవాలోని మడ్‌గావ్‌లో మన దేశం సింగపూర్ చేతిలో 1-2తో ఓడిపోయింది. ముందు గోల్ కొట్టింది మనమే. అయినా ఓడిపోయాం. 2027 ఆసియా కప్ ఆశ కూడా దాంతోనే పోయింది. మా ఊరు సిలిగురి. ఇక్కడ ఫుట్‌బాల్ తెలియని ఇల్లు ఉండదు. బస్సు ఎక్కగానే రెండు మాటలు వినిపించాయి. ముందు సీట్లవాళ్లు "కోచ్‌ను మార్చాలి" అన్నారు. వెనక సీట్లవాళ్లు "కోచ్ ఏం చేస్తాడు, మనవాళ్లకు గుండె ధైర్యమే లేదు, అది పుట్టుకతో రావాలి" అన్నారు. బస్సు స్కూల్ గేటు దాటేదాకా వాదన తెగలేదు.

నేను మధ్య సీట్లో కూర్చుని విన్నాను. నేను మా అమ్మాయిల జట్టులో లెఫ్ట్ బ్యాక్‌ని. "దీనికి భయం ఎక్కువ" అని రెండేళ్లపాటు పేరు మోసినదాన్ని. అందుకే రెండు మాటలూ నాకు గుచ్చుకున్నాయి. ఆరోజు చెప్పలేకపోయినది ఇప్పుడు రాస్తున్నాను.

ముందు కోచ్ సంగతి. 2024 జూన్‌లో ప్రపంచ కప్ అర్హత పోటీల్లో వెనుదిరిగాక ఇగోర్ స్టిమాచ్‌ను తొలగించారు. తర్వాతి నెలలో మనోలో మార్క్వెజ్ వచ్చారు. ఏడాది తిరిగేసరికి ఆయనా వెళ్లిపోయారు. 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్ బాధ్యత తీసుకున్నారు. వచ్చిన నెలన్నరలోపే మధ్య ఆసియా దేశాల టోర్నీలో ఒమన్‌ను పెనాల్టీల్లో ఓడించి జట్టు మూడో స్థానంలో నిలిచింది. అప్పుడు ఇదే బస్సులో "ఇన్నాళ్లకు మొనగాడు దొరికాడు" అన్నారు. సెప్టెంబరులో మొనగాడైనవాడు అక్టోబరుకల్లా పనికిరానివాడు ఎలా అయ్యాడో నాకు అర్థం కాలేదు. మనిషి మారలేదు, స్కోరు మారింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఓడినప్పుడల్లా కోచ్ మీద పడితే మన మనసుకు ఊరట కలుగుతుందేమో గానీ ఆట బాగుపడదు.

ఇక రెండో మాట. ధైర్యం పుట్టుకతోనే రావాలని అనేవాళ్లను ఒకటి అడగాలని ఉంది. ఫుట్‌బాల్‌లో ధైర్యం అంటే ఏమిటి? అవతలివాళ్లను గుద్ది పడగొట్టడమా? నా లెక్కలో అది మూడు పనులు. తప్పు చేసిన మరుక్షణం మళ్లీ బంతి అడగడం ఒకటి. ఎనభయ్యో నిమిషంలో ఊపిరి అందకపోయినా వెనక్కి పరుగెత్తి మన చోటు మనం కాపాడుకోవడం రెండు. అవతలివాళ్లు రెచ్చగొట్టినా, జనం ఎగతాళి చేసినా ఆట మీద నుంచి చూపు తిప్పకపోవడం మూడు. ఈ మూడింటిలో సాధనతో రానిది ఏది?

నా అనుభవం చెబుతాను. నాన్నగారిది కేంద్ర బలగాల్లో ఉద్యోగం. ఇది నాకు నాలుగో స్కూల్. ఇంతకుముందు చదివిన స్కూల్లో తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక టోర్నీకి వెళ్లాం. రెండో సగంలో బంతి నాకూ అవతలి జట్టు అమ్మాయికీ మధ్య దొర్లుతూ వచ్చింది. ఇద్దరికీ సమాన దూరం. ఆ అమ్మాయి వచ్చింది, నేను ఆగిపోయాను. గోల్ అయింది. మ్యాచ్ పోయింది. తిరుగు ప్రయాణంలో రైల్లో ఎవరూ నాతో మాట్లాడలేదు. ఒక సీనియర్ అక్క మాత్రం "నీకు ఫుట్‌బాల్ ఎందుకే, క్యారమ్స్ ఆడుకో" అంది.

మరుసటి వారం మా కోచ్ సార్ నన్ను తిట్టలేదు. సాయంత్రం ఆట అయ్యాక ఇరవై నిమిషాలు ఆపారు. "నువ్వు భయపడలేదు, కాలు ఎలా పెట్టాలో తెలియక ఆగిపోయావు" అన్నారు. ఎదురుగా నిటారుగా నిలబడకుండా కాస్త పక్కకు తిరిగి నిలబడమన్నారు. మోకాళ్లు వంచమన్నారు. అవతలి అమ్మాయి కాళ్ల వైపు చూడకుండా బంతినే చూడమన్నారు. బంతి ఆమె కాలికి కాస్త దూరమైన క్షణంలోనే అడుగు వెయ్యమన్నారు. మొదట నడుస్తూ, తర్వాత మెల్లగా పరుగెత్తుతూ, ఆపై పూర్తి వేగంతో చేయించారు. పడితే ఎలా పడాలో కూడా నేర్పారు. మూడు నెలలకు నా కాలు దానంతట అదే ముందుకు పడటం మొదలైంది. నా గుండె ఏమీ పెద్దది కాలేదు. తెలియనిది తెలిసింది, అంతే.

మార్చి వచ్చింది. సార్ కాంట్రాక్టు అయిపోయింది. కొత్త సెషన్‌లో ఇంకొకరు వచ్చారు. ఎవరికి ఏం వచ్చో, ఎవరికి ఏం రాదో ఆయనకు చెప్పినవాళ్లు లేరు. గ్రౌండ్ పక్కన నిలబడి "గట్టిగా ఆడండి, గట్టిగా!" అని అరిచేవారు. గట్టిగా ఆడటమంటే ఏమిటో చెప్పేవారు కాదు. ఆయన తప్పు కూడా పెద్దగా లేదు. వచ్చే మార్చికి తానూ వెళ్లిపోవాలని ఆయనకు తెలుసు. మొక్క నాటినవాడు కాయ కాసేదాకా ఉండడని తెలిస్తే నీళ్లు ఎవరు పోస్తారు?

ఈ మాట మా తాతయ్యతో అన్నాను. ఆయన సికింద్రాబాద్‌లో ఉంటారు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో కలిసి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆట చూడటానికి వెళ్లేవారట. ఫోన్‌లో ఆయన ఒక్క మాట అన్నారు: "రహీం సాబ్ పిల్లగాళ్లకు ధైర్యం నూరిపొయ్యలేదు బిడ్డా, ఆట నేర్పిండు. ఆట వచ్చినంక భయం దానంతట అదే పోయింది."

రహీం సాబ్ అంటే సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్‌కు చెందిన బడిపంతులు. 'మైదాన్' సినిమా చూసినవాళ్లకు తెలిసే ఉంటుంది. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. బలహీనమైన కాలితోనే ఆడాలి, డ్రిబ్లింగ్ చెయ్యకూడదు అనే నియమాలతో పిల్లలకు పోటీలు పెట్టేవారు. కుడికాలి వాటం పిల్లవాడు ఎడమకాలి వైపు బంతి వస్తే జంకుతాడు. ఆ కాలితోనే పదిసార్లు ఆడించి చూడండి, జంకు ఎక్కడ ఉంటుంది?

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడింది. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. పది గోల్స్! ఈరోజు అలా జరిగితే మన బస్సులో ఏమనుకునేవాళ్లమో ఊహించుకోండి. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరింది. అక్కడ మళ్లీ అదే యుగోస్లావియా. ముందు గోల్ కొట్టింది మన నెవిల్ డిసౌజా. చివరికి 1-4తో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. పది గోల్స్ తిన్న జట్టుకు కూడా, మెల్‌బోర్న్‌లో అదే ప్రత్యర్థికి ఎదురు నిలిచిన జట్టుకు కూడా కోచ్ రహీమే.

1962 జకార్తా ఆసియా క్రీడల కథ ఇంకా గొప్పది. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. థాయ్‌లాండ్‌తో ఆడేటప్పుడు డిఫెండర్ జర్నయిల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం ఆయన్ని వెనక ఉంచకుండా సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. కాలేజీ రోజుల్లో జర్నయిల్ ఆడిన చోటు అదేనని ఆయనకు తెలుసు. సెమీఫైనల్లోనూ ఫైనల్లోనూ జర్నయిల్ గోల్ కొట్టారు. ఫైనల్లో స్టేడియం అంతా మనకు వ్యతిరేకంగా కేకలు వేసింది. ఎదురుగా మళ్లీ అదే దక్షిణ కొరియా. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నయిల్ ఒక గోల్. 2-1తో స్వర్ణం మనది. అప్పటికే రహీం క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. 1963 జూన్‌లో కన్నుమూశారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. జర్నయిల్ కుట్లతో ఆడారు కాబట్టి మనమూ దెబ్బలతో ఆడాలని అనుకోకండి. తలకు దెబ్బ తగిలితే బయటికి రావడమే తెలివి. ఇప్పటి నిబంధనల్లో అలాంటి ఆటగాడి బదులు ఇంకొకరిని అదనంగా దించే ఏర్పాటు కూడా ఉంది. నొప్పి దాచుకోవడం ధైర్యం కాదు. అందులో నేను మెచ్చుకునేది కోచ్ చూపునే. తన ఆటగాడికి ఏం వచ్చో, ఎక్కడ పెడితే నిలబడతాడో తెలిసినవాడు ఆ నిర్ణయం తీసుకోగలడు. నిన్న మొన్న వచ్చినవాడికి అది ఎలా తెలుస్తుంది?

ముందు సీటు మిత్రులు ఒక ప్రశ్న అడుగుతారని తెలుసు. "స్టిమాచ్‌కు ఐదేళ్లు ఇచ్చారు కదా, ఏమైంది?" న్యాయమైన ప్రశ్నే. ఏళ్లు ఇస్తే చాలు అని నేను అనను. నేర్పలేని కోచ్‌ను మార్చాల్సిందే. కానీ జాతీయ జట్టు కోచ్ చేతికి ఆటగాళ్లు ఏడాదిలో కొన్ని వారాలే దొరుకుతారు. ఇరవై అయిదేళ్లు వచ్చినవాడికి ఆ కొద్ది వారాల్లో బలహీనమైన కాలు అలవాటు చెయ్యడం కుదిరే పని కాదు. మొక్కై వంగనిది మానై వంగునా? రహీం జాతీయ జట్టులో ఆడిన హైదరాబాదీలలో పలువురు ఆయన కింద ఏళ్ల తరబడి ఆడినవాళ్లే. అంటే ధైర్యం నేర్పాల్సిన చోటు మన స్కూల్ గ్రౌండే. కోచ్‌లు అన్నింటికన్నా తరచుగా మారేది కూడా అక్కడే. దాని గురించి ఏ బస్సులోనూ వాదన జరగదు.

ఇంగ్లీష్ లీగ్ చూసే అన్నయ్యలకు ఇంకో ఉదాహరణ. అలెక్స్ ఫెర్గూసన్ 1986 నవంబరులో మాంచెస్టర్ యునైటెడ్‌కు వచ్చారు. 1989లో ఆయన వెళ్లిపోవాలని అభిమానులు బ్యానర్ పట్టుకున్నారు. మొదటి కప్పు 1990లో వచ్చింది. ఆయన 2013 దాకా ఉన్నారు. ఆయన వెళ్లాక ఆ క్లబ్బు ఎంతమందిని మార్చిందో మీకే బాగా తెలుసు.

అందుకని నా కోరికలు రెండే. స్కూల్ జట్టు కోచ్‌కు కనీసం మూడేళ్లు ఒకే చోట అవకాశం ఇవ్వాలి. అది కుదరకపోతే, వెళ్లే కోచ్ ఒక నోట్‌బుక్ రాసి వచ్చే కోచ్‌కు అందించాలి. ఫలానా అమ్మాయికి హెడ్డింగ్ అంటే భయం, మెత్తని బంతితో మొదలుపెట్టాం, ఇక్కడిదాకా వచ్చాం అని అందులో ఉండాలి. క్లాస్ టీచర్ మారినా మన మార్కుల రిజిస్టరు మారదు కదా.

మనవంటి పిల్లలకు ఈ నోట్‌బుక్ ఇంకా అవసరం. మన కోచ్‌లూ మారతారు, మనమూ మారతాం. టి.సి. మీద మన ప్రవర్తన బాగుందని రాస్తారు గానీ ఎడమకాలితో పాస్ ఇవ్వడం ఎంతవరకు వచ్చిందో రాయరు. అందుకని నాది నేనే రాసుకుంటున్నాను. నిజానికి ప్రతి కొత్త స్కూల్లో మొదటిరోజు ఎవరూ తెలియని క్లాసులోకి నడిచి వెళ్లేవాళ్లం మనం. మొదటిసారి నేను ఏడ్చాను. నాలుగోసారి వెళ్లి పక్క సీటు అమ్మాయి పేరు అడిగాను. అది నాకు పుట్టుకతో రాలేదు. మూడుసార్లు చేశాక వచ్చింది.

ఏప్రిల్‌లో నాన్నగారికి మళ్లీ ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ రావచ్చు. నా చోటులో ఆడబోయేది ఎనిమిదో తరగతి చెల్లి ఒకతి. బంతి ఎత్తుగా వస్తే కళ్లు మూసుకుంటుంది. "దానికి ధైర్యం లేదక్కా" అని జట్టులో అందరూ అంటున్నారు. రోజూ సాయంత్రం ఇరవై నిమిషాలు దానితో ఉంటున్నాను. కళ్లు తెరిచి నుదుటితో కొట్టడం ఇప్పుడు పదింటిలో ఆరుసార్లు వస్తోంది. నేను వెళ్లేలోపు ఎనిమిది కావాలి. మిగతా రెండూ ఎవరు చూస్తారన్నదే నా బెంగ.

— 11వ తరగతి విద్యార్థిని